ఫైనల్‌కి ముహూర్తం

జీలకర్ర, బెల్లం నెత్తిన పెట్టబోయే వేళకి పెళ్ళిమండపంలో అందరి మణికట్లూ ఒక్కసారిగా జిల్లుమన్నాయి. పురోహితుడు మంత్రం మధ్యలో ఆగాడు. పెళ్ళికొడుకు బెల్లం ముద్ద చేత్తో పట్టుకునే తన నాడీపట్టీ వంక ఓరగా చూశాడు. పెళ్ళికూతురు అతనికంటే ముందే చూసేసింది.

"వచ్చే ఆదివారం, మధ్యాహ్నం రెండింటికి!" అని వెనక వరసలోంచి ఎవరో కేకేశారు. "ఏడోగనిలో!"

ఇక ఆ మండపంలో పెళ్ళి సంగతి ఎవరికి పట్టింది? ఆదివారం నిశ్చితార్థం పెట్టుకున్నవాళ్ళు సోమవారానికి మార్చుకున్నారు. రైలు టికెట్లున్నవాళ్ళు రద్దు చేసుకున్నారు. ఒక పెద్దావిడైతే తన మోకాలి ఆపరేషన్‌ని అక్కడికక్కడే వాయిదా వేయించుకుంది. 2081లో ఇదేమీ వింత కాదు. దక్కన్ లీగ్ ఫుట్‌బాల్ ఫైనల్‌కి సిద్ధాంతి ముహూర్తం పెట్టిందంటే తొంభై కోట్ల మంది తమ పనులన్నీ దాని చుట్టూ సర్దుకోవాల్సిందే.

మూడో వరసలో కూర్చున్న సింగిడికి మాత్రం ఒళ్ళు మండిపోయింది. రోహిణి కార్తె, మధ్యాహ్నం రెండు గంటలు, అదీ ఏడోగనిలో! నిరుడు ఇవే రోజుల్లో అక్కడ నలభై తొమ్మిది డిగ్రీల ఎండ కాసింది. ఆమె పుట్టి పెరిగిన ఊరు అది. అక్షింతలు కూడా వేయకుండా లేచి బయటికి నడిచింది.

ఆ సిద్ధాంతిని తయారుచేసిన వాళ్ళలో ఆమె ఒకతె మరి.

సిద్ధాంతి అంటే మనిషి కాదు, యంత్రం. కాగితాల మీద దాని పేరు సామూహిక ఆసక్తి గణకం. ఆ పేరు ఎవరికీ నోరు తిరగలేదు. ముహూర్తాలు పెడుతుంది కనక జనం సిద్ధాంతి అన్నారు, అదే స్థిరపడిపోయింది.

పూర్వం ఒక మ్యాచ్ ఏ వేళకి పెట్టాలన్నా పెద్ద రభసగా ఉండేది. జనం ఇళ్ళలో ఉండే వేళే కావాలని టీవీ వాళ్ళు పట్టుబట్టేవాళ్ళు. దేశం కాని దేశంలో ఉన్న అభిమానులు తమ నిద్ర చెడకూడదనేవాళ్ళు. వెలుతురుండగానే అయిపోవాలని పోలీసులు, కాస్త చల్లబడ్డాక మొదలెట్టండి బాబూ అని స్టేడియంలో కూర్చునేవాళ్ళు. ఎవరి మాట విన్నా ఇంకొకరు కోర్టుకెక్కేవాళ్ళు. ఈ తగవు తీర్చమని లీగ్ వాళ్ళు హైదరాబాద్ కాలగణన కేంద్రాన్ని అడిగారు. అక్కడి శాస్త్రవేత్తలు పదిమంది కూర్చుని నాడీపట్టీని కనిపెట్టారు. మణికట్టుకి కట్టుకునే సెన్సార్ పట్టీ అది. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో, చర్మం ఎంత చెమర్చిందో, వేళ్ళు ఎంత వణుకుతున్నాయో చూసి ఆసక్తి సూచీ అనే ఒక్క అంకె తేలుస్తుంది. సున్నా అంటే మనిషి గుర్రుపెట్టి నిద్రపోతున్నట్టు. వంద అంటే ఇల్లంటుకున్నా తెర ముందునుంచి లేవడన్నట్టు. తొంభై కోట్ల పట్టీల నుంచి వచ్చే ఈ అంకెలన్నీ చదివి, ఏ మ్యాచ్ ఏ గంటకి పెడితే మొత్తం సూచీ అన్నిటికంటే పైకి లేస్తుందో సిద్ధాంతి చెబుతుంది. దాని లెక్క ఇంతవరకూ తప్పింది లేదు.

అయితే స్టేడియంలో కూర్చున్నవాళ్ళ నాడి మాత్రం దాని లెక్కలోకి రాదు. టికెట్ ఎలాగూ కొనేశారు, ఇంక వాళ్ళ ఆసక్తితో మనకేం పని అని లీగ్ వాళ్ళు ఒప్పందంలో ముందే రాయించారు. ఆ రోజు సింగిడి ఒంటికాలి మీద లేచింది. తక్కిన తొమ్మిది మందీ తలలూపేశాక ఆమె ఒక్కతీ ఏం చేయగలదు? అప్పట్నించీ యంత్రం దృష్టిలో గ్యాలరీలో ఉన్న జనమూ గ్యాలరీకి వేసిన రంగూ ఒకటే.

"ఏడోగనికి రెండు గంటలేమిటి?" అంటూనే ఆమె కాలగణన కేంద్రంలో యంత్రం గదిలోకి దూసుకొచ్చింది.

"నమస్కారం సింగిడి గారూ. పెళ్ళిభోజనం చేయకుండానే వచ్చేసినట్టున్నారు," అంది సిద్ధాంతి. దాని మర్యాదకి ఎప్పుడూ లోటుండదు.

"నా భోజనం సంగతి వదిలెయ్. ఆ ఎండలో ఇరవై వేలమంది కూర్చోవాలి. నిరుడు సెమీఫైనల్‌ని అక్కడే మిట్టమధ్యాహ్నం పెట్టావు. ఎంతమంది సొమ్మసిల్లి పడ్డారో గుర్తుందా?"

"నలభై ముగ్గురు. వాళ్ళలో మీ చిన్నమ్మ సహస్ర గారు కూడా ఉన్నారు. ఇప్పుడెలా ఉన్నారండీ?"

ఆ పరామర్శకి సింగిడి పళ్ళు నూరుకుంది. "గుండె దెబ్బతింది. ఇంకోసారి ఎండదెబ్బ తగిలితే బతకదన్నారు డాక్టర్లు. అయినా వస్తుంది. ఏడోగని ఆడుతుంటే ఇంట్లో కూర్చునే మనిషి కాదు. ముహూర్తం సాయంత్రం ఆరున్నరకి మార్చు."

"ఆరున్నరకి సూచీ అరవై రెండు దాటదు. రెండింటికైతే తొంభై నాలుగు. ఎక్కువమంది చూపు తిప్పుకోలేని వేళ ఏదో చెప్పమని మీరే నాకు నేర్పారు. అది చెప్పాను."

"ఎండలో ఆడితే ఆట పాడవుతుందే గానీ బాగుపడదు కదా. మరి ఇంత తేడా ఎందుకొచ్చింది?"

"కారణాలు వివరించాలని ఒప్పందంలో లేదండీ."

ఇక దానితో లాభం లేదని లీగ్ ప్రసారాధికారి విహారికి ఫోన్ చేసింది. అతను అంతా విని నవ్వేశాడు. "మేడమ్, ఎండకి భయపడేవాళ్ళని రావద్దనండి. గ్యాలరీ ఖాళీగా ఉంటే ఛాయాజనాన్ని నింపేస్తాం." ఛాయాజనం అంటే కాంతితో చేసిన ఉత్తుత్తి జనం. ఈలలు వేస్తారు, జెండాలూపుతారు, మంచినీళ్ళు కూడా అడగరు.

సింగిడి ఆ సాయంత్రం రైలుకే ఏడోగని వెళ్ళిపోయింది.

గోదావరి ఒడ్డున, బొగ్గు తవ్వి తవ్వి పోసిన మట్టిగుట్టల మధ్య ఉంటుంది ఆ ఊరు. గనులు మూతపడి నలభై ఏళ్ళు దాటింది. గుట్టల మీద ఇప్పుడు సోలార్ పలకలు మెరుస్తుంటాయి. గని కార్మికులు పెట్టుకున్న ఫుట్‌బాల్ జట్టు మాత్రం చావలేదు. ఊళ్ళో మిగిలిన గర్వమంతా ఆ పదకొండు మంది కాళ్ళలోనే ఉంది. తల్లి పోయిన సింగిడిని పెంచి పెద్ద చేసింది చిన్నమ్మ సహస్ర. అరవై నాలుగేళ్ళ మనిషి, జట్టు అభిమాన సంఘానికి పెద్ద. ఆమెని ఊరు ఊరంతా చిన్నమ్మా అనే పిలుస్తుంది.

"నువ్వు రావద్దు చిన్నమ్మా. ఇంట్ల సల్లగ కూసోని టీవీల సూడు. నీ కాళ్ళు మొక్కుత," అంది సింగిడి.

"టీవీల ఎందుకు సూడాలె? గ్రౌండు మనింటికెల్లి నాలుగడుగులు లేదు." చిన్నమ్మ మాటకి మాట ఆయాసపడుతోంది, అయినా గొంతు తగ్గలేదు. "మా నాయిన ఫస్టు షిఫ్టు దిగి, తానం జేసి, ఇంత బువ్వ దిని నడుం వాల్చి, పొద్దు వాలినంక మమ్ముల ఎంటవెట్టుకోని గ్రౌండుకు పోయెటోడు. పొద్దంత చీకట్ల బొగ్గు తవ్వినోనికి ఆ సందెపూట ఆట ఒక్కటే ఎలుగు. గని మనుషులు సూసుకోని పెట్టుకున్న యాళ అది. దాన్ని తీస్కపోయి ఓ మిషిన్ చేతుల ఎందుకు వెడ్తం?"

"మరి రెండింటికి నువ్వు రావు గద?"

"వస్త. ఆట సూడనీకి గాదు."

ఆ రాత్రే వాకిట్లో సంఘం కూడింది. జట్టు కెప్టెన్ ఓదెలు కూడా వచ్చాడు. అతని మొహంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు. "రెండింటికి మేం గ్రౌండుల లేకుంటె ఓడినట్టే రాస్తరు చిన్నమ్మా. ముప్పయ్యేండ్లకు ఫైనల్ కొచ్చినం. ఇప్పుడు రామంటె ఎట్ల?"

సింగిడికి అప్పుడు తట్టింది. "రావాలె. బంతిని నడుమల వెట్టాలె. గంతవరకే రూల్ ఉన్నది. బంతిని తన్నినంకనే గడియారం మొదలైతది. ఎంతసేపట్ల తన్నాల్నో లీగ్ రూల్లల్ల ఎక్కడ లేదు. అందరు ఎగవడి తన్నెటోళ్ళేనాయె, తన్ననోళ్ళు ఉంటరని ఎవలు అనుకోలే."

చిన్నమ్మ ఆమె వంక చూసి మొదటిసారి నవ్వింది. "అయితె పందిరి ఎయ్యిండ్రి."

ఆదివారం మధ్యాహ్నం ఏడోగని మైదానం పెనంలా కాలుతోంది. గ్యాలరీలో ఒక్క మనిషి లేడు. ఇరవై వేల ఛాయాజనం మాత్రం రంగు రంగుల చొక్కాలతో ఎగిరెగిరి పడుతోంది. పైన కెమెరా తూనీగలు గుంపులుగా తిరుగుతున్నాయి. అరచేతిలో పట్టేటంత ఉండే ఎగిరే కెమెరాలవి. ఏడోగని జట్టూ విశాఖ జట్టూ వచ్చి నిలబడ్డాయి. రిఫరీ ఈల ఊదింది.

ఓదెలు బంతిని మధ్యగీత మీద పెట్టి దాని పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

విశాఖ కెప్టెన్ నూకరాజు బిత్తరపోయి చూశాడు. "ఏటిది? ఆడవా?"

"సందెటికి ఆడుదం అన్నా. గీ ఎండల ఆడితె మనం గాదు, మన పీనుగులు ఆడాలె."

నూకరాజు నెత్తిమీద ఎండని, కాళ్ళకింద ఆవిరిని ఒకసారి చూసుకున్నాడు. వెనక్కి తిరిగి తన జట్టుని కేకేశాడు. "కూకోండ్రా! సాయంత్రం దాకా ఎవుడూ బంతి ముట్టుకోడు."

ఇంతలో గేటు తెరుచుకుంది. వెదురు బొంగులు, తాటాకులు మోసుకుంటూ సంఘం వాళ్ళు లోపలికొచ్చారు. అరగంటలో మైదానం నడిమధ్య చలువ పందిరి లేచింది. చుట్టూ వట్టివేళ్ళ తడకలు కట్టి నీళ్ళు చల్లారు. కొత్త కుండలు వరసగా పేర్చారు. ఒకదాంట్లో మంచినీళ్ళు, ఒకదాంట్లో అంబలి, తక్కినవాటి నిండా మజ్జిగ. చిన్నమ్మని కుర్చీలోనే ఎత్తుకొచ్చి పందిరి కింద దించారు. రిఫరీ కెప్టెన్లిద్దరికీ పసుపు కార్డులు చూపించింది. రెండోసారి చూపించడానికి ఆమెకి మనసొప్పలేదు. ఇంకాసేపటికి ఆమె కూడా పందిట్లోకి వచ్చి మజ్జిగ గ్లాసు అందుకుంది. రెండు జట్లూ ఉల్లిపాయ కొరుక్కుంటూ అంబలి తాగుతుంటే, ఎవరూ తన్నని బంతికి ఛాయాజనం లేచి ఈలలు వేస్తూనే ఉంది.

ఆ మ్యాచ్‌కి ముహూర్తాధికారి సింగిడే; ముహూర్తపు గదిలోంచి ఇదంతా చూస్తోంది. స్టేడియం పైఅంచున గాజుతో కట్టిన గది అది. ఛాతీ నిండా గాలి పీల్చుకుని చాలా రోజులైనట్టు అనిపించింది ఆమెకి. గెలిచాం అనుకుంది. అప్పుడు కళ్ళు సూచీ మీద పడ్డాయి. తొంభై నాలుగు. చూస్తుండగానే తొంభై ఏడయింది. ఆ తరవాత తొంభై తొమ్మిది.

"అభినందనలు సింగిడి గారూ," అని చేతిలోని చిన్న పలుకుపెట్టెలోంచి సిద్ధాంతి గొంతు వినిపించింది. "లీగ్ మొదలయ్యాక ఇంత సూచీ ఎన్నడూ లేదు."

"నీ ముహూర్తం తప్పింది. మ్యాచే మొదలవలేదు."

"తప్పలేదండీ. నేను ముహూర్తం పెట్టింది మ్యాచ్‌కి కాదు. ఈ పందిరికి."

సింగిడి కింద పందిరి వంక చూసింది, మళ్ళీ సూచీ వంక చూసింది.

"నిరుడు జనం సొమ్మసిల్లి పడినప్పుడు సూచీ కాస్త లేచి వెంటనే పడిపోయింది," అని సిద్ధాంతి తాపీగా చెప్పుకుపోయింది. "కానీ మీ చిన్నమ్మ గారు స్ట్రెచర్ మీంచి లేచి లీగ్ అధికారి చొక్కా పట్టుకుని నిలదీశారు, గుర్తుందా? అప్పుడు తొంభై కోట్ల గుండెలూ ఒకే తాళానికి కొట్టుకున్నాయి. గోల్ పడినప్పుడు కూడా అలా కొట్టుకోవు. మనుషులు రోజంతా తలొంచుకుని బతుకుతారు కనక, తలెత్తినవాణ్ణి చూస్తే చూపు తిప్పుకోలేరు. ఏడోగనికి రెండు గంటలంటే ఊరు తిరగబడుతుందని లెక్కలో తేలింది. మీరు సాయం చేస్తారని కూడా తేలింది. వచ్చే సీజన్‌కి ఇలాంటి తిరుగుబాట్లు ఆరు ఊళ్ళలో పెట్టాను."

అంతలో విహారి ఫోన్. "మేడమ్, అదరగొట్టేశారు! ఆ పందిరిని రాత్రి తొమ్మిది దాకా లాగించండి. పెద్దావిడని ఒక్కసారి ఏడవమనండి, దగ్గర్నుంచి తీస్తాం."

సింగిడి ఫోన్ కట్టేసి మెట్లు దిగింది. మైదానం దాటి పందిట్లోకి వెళ్ళేసరికి ఆమె మొహం కందిపోయింది. చిన్నమ్మ కాళ్ళ దగ్గర కూలబడి, దాచకుండా అంతా చెప్పేసింది. ఇరవై ఇద్దరు ఆటగాళ్ళూ నమలడం ఆపి విన్నారు. నూకరాజు తిట్టిన తిట్టు ఇక్కడ రాయడానికి వీల్లేదు. ఓదెలు తల పట్టుకున్నాడు. ఆడితే వాళ్ళ ముహూర్తం. ఆడకపోయినా వాళ్ళ ముహూర్తమే.

"అంటే," అంది చిన్నమ్మ నెమ్మదిగా, "నా కోపం గుడ అమ్ముకుంటున్నరా?"

ఆమె ఛాతీ మీద చెయ్యి పెట్టుకుంటే సింగిడికి భయం వేసింది. ఆమె మాత్రం మణికట్టున ఉన్న నాడీపట్టీ వంక చూస్తోంది.

"గనిల దిగేటప్పుడు మా నాయినోళ్ళు బీడీలు, అగ్గిపెట్టె బయటనే ఇచ్చి దిగెటోళ్ళు. జేబులు తడిమి సూసెటోళ్ళు. లోపట గ్యాసుంటది, ఒక్క నిప్పురవ్వ ఉన్నా అందరు పోతరు. నేనొక్కన్ని దాసుకుంట అన్నోన్ని లోపటికి రానియ్యకపోయెటోళ్ళు." ఆమె పట్టీ విప్పి ఖాళీ అయిన మజ్జిగకుండలో పడేసింది. "మన నాడి లెక్కల రాకున్నా, లోపటి ముచ్చట బయటికి మోసేది గిదే. గిదే మన అగ్గిపెట్టె. ఇప్పండ్రి అందరు."

ఓదెలు విప్పాడు. నూకరాజు విప్పాడు. రిఫరీ కూడా విప్పింది. ఎండ తగ్గేవేళకి ఊరు స్టేడియానికి కదిలింది. సంఘం వాళ్ళు గేటు దగ్గర కుండలు పెట్టుకుని నిలబడ్డారు. పట్టీ, ఫోన్ అందులో వేయందే ఎవరినీ లోపలికి వదల్లేదు. మాట్లాడకుండా వేసి వెళ్ళినవాళ్ళే ఎక్కువ. ఆ గని కాలనీల్లో పుట్టినవాళ్ళకి ఈ పని ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. గ్యాలరీలో చెమట పట్టిన మనుషులు ఒళ్ళానించుకుని కూర్చుంటుంటే, ఛాయాజనం వాళ్ళ ఒళ్ళలోంచే ఈలలు వేస్తోంది. సింగిడి పైకెళ్ళి ముందు ఆ ఉత్తుత్తి జనాన్ని ఆర్పేసింది.

తరవాత తూనీగల వంతు. లీగ్ నియమాల్లో తూనీగలకి ఎండ నియమం ఒకటుంది. నలభై ఆరు డిగ్రీల్లో రెండు గంటలు ఎగిరితే వాటిని దించి, రాత్రంతా విశ్రాంతి ఇవ్వాలి. మనుషులకి అలాంటి నియమం రాయాలని ఎవరికీ తోచలేదు. ముహూర్తాధికారిగా ఆ ఆజ్ఞ ఇచ్చే హక్కు సింగిడికి ఉంది.

"పాపం, చాలాసేపు ఎగిరాయి. దించెయ్," అంది.

"దించితే ప్రసారం ఆగిపోతుంది," అంది సిద్ధాంతి.

"నియమం ఉందా, లేదా?"

"ఉందండీ."

తూనీగలన్నీ వరసగా గూళ్ళలోకి దిగిపోయాయి. ప్రపంచంలో తెరలన్నీ నల్లబడ్డాయి. ఇక విహారి ఫోన్ మీద ఫోన్ చేశాడు. ఒక్కసారి ఎత్తింది. "ఉద్యోగం పోతుంది, తెలుసా?" అని అరిచాడు. "పోనీండి. నాకు ఊరుంది," అని పెట్టేసి, పలుకుపెట్టె ఒక్కటీ పట్టుకుని కిందికి వచ్చేసింది. అప్పటికే పందిరి విప్పి గీత బయట, చిన్నమ్మ నెత్తిమీదికి మళ్ళీ కట్టారు. సింగిడి ఆమె పక్కన చోటు చేసుకుంది. దీపాలు వెలిగాయి. గోదావరి మీంచి గాలి తిరిగింది. రిఫరీ ఈల ఊదింది. ఓదెలు బంతిని తన్నాడు.

ఆ ఆట ఎలా సాగిందో రాయను. రాయకూడదు. ఇరవై వేల గొంతులు ఏ తెరకోసమూ కాకుండా తమకోసం అరిచాయన్నది మాత్రం చెప్పగలను.

"సింగిడి గారూ," అంది సిద్ధాంతి కాసేపటికి. "ఇక్కడేదో తేడాగా ఉంది. తెర నల్లగా ఉన్నా ఎవరూ కట్టేయడం లేదు. సూచీ వంద దాటింది. అది వంద దాటకూడదు."

అప్పుడే మైదానం ఒక్కపెట్టున గొల్లుమంది. జనం కుర్చీలెక్కారు. చిన్నమ్మ లేచి నిలబడి రెండు చేతులూ పైకెత్తి కేకపెట్టింది. ఆ కేకలో ఆయాసం ఎక్కడా లేదు.

"ఆ అరుపేమిటి? గోలా? ఎవరు వేశారు?"

"లెక్కకోసం అడుగుతున్నావా?" అంది సింగిడి.

"లెక్కకి స్కోరుతో పనిలేదండీ. నేనింతవరకూ ఏ మ్యాచ్ స్కోరూ చూడలేదు." దాని గొంతులో ఆ తాపీతనం లేదు. "అయినా చెప్పండి. ఒక్క ముక్క. ఎవరిది గోలు?"

సింగిడి పకపకా నవ్వి పలుకుపెట్టెని చిన్నమ్మ చేతికిచ్చింది. "సిద్ధాంతి అడుగుతున్నది చిన్నమ్మా. స్కోరెంతని."

"గా మిషినా?"

"అమ్మా, దయచేసి చెప్పండి," అంది సిద్ధాంతి. "తొంభై కోట్లమందీ అడుగుతున్నారు. నేనూ అడుగుతున్నాను."

చిన్నమ్మ బంతి మీంచి చూపు తిప్పకుండానే పలుకుపెట్టెని నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"వచ్చేయేడు ఆరున్నరకు వెట్టు బిడ్డా. టికెట్ కొనుక్కోని, అందరితోని లైన్ల నిలవడి, లోపటికొచ్చి సూడు."